అబ్బా నోటుపుస్తకం

2025 మే నెలలో ఒక సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని వచ్చిన అబ్బా, ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చుని టాబ్లెట్ తెరిచారు. పది నిమిషాలైనా గడవకముందే దానిని మూసి, కలాన్ని దాని అంచుకు అతికించి, బీరువాలో పెట్టేశారు. ఎందుకని అడిగితే, "చెయ్యి సాగటం లేదు. ఇక చాలు" అన్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి నోట ఆ మాట వస్తే అనుమానించేవారు ఎవరుంటారు? మేమూ అనుమానించలేదు. వయసు మీద పడుతోందని మనసులో అనుకుని, ఆ సంగతి ఆయన ముందు ఎత్తకుండా జాగ్రత్తపడ్డాం. ఆ జాగ్రత్తే మా మొదటి పొరపాటు.

మేము అంటే భార్యాభర్తలం ఇద్దరమూ. ఈ నాలుగు మాటలూ కలిసే రాస్తున్నాం, ఎందుకంటే ఇందులో జరిగిన తప్పులు కూడా ఇద్దరమూ కలిసి చేసినవే. ఒకరికి ఆయన కన్నతండ్రి, ఒకరికి మామగారు. అయినా ఇద్దరమూ అబ్బా అనే పిలుస్తాం.

అబ్బా లెక్కల మాస్టారు. 1976లో ఉద్యోగంలో చేరింది మొదలు 2011లో పదవీ విరమణ చేసేవరకూ కృష్ణా డెల్టాలోని జిల్లా పరిషత్తు పాఠశాలల్లోనే పని చేశారు. అవనిగడ్డ వైపు మొదలుపెట్టి చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు మీదుగా మెల్లగా విజయవాడ దగ్గరకు జరుగుతూ వచ్చారు. ప్రతి ఏడాదీ పాఠాల కోసం ఒక పొడుగాటి నోటుపుస్తకం రాసుకునేవారు. అందులో లెక్కలే కాదు, వెనక పుటల్లో ఇంటి సంగతులు కూడా ఉండేవి. పిల్లల పుట్టిన తేదీలు, ఎవరికి ఎంత చేబదులు ఇచ్చిందీ, ఎవరికి ఎంత తీర్చవలసి ఉన్నదీ, ఊళ్లో కాలువకు నీరు ఎప్పుడు వదిలిందీ, అన్నీ అక్కడే. ఆ పుస్తకాలు అజిత్‌సింగ్ నగర్‌లోని మా ఇంటి చెక్కబీరువా కింది అరలో వరుసగా ఉండేవి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా పేటలోకి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించిన వరద అది. సింగ్‌నగర్‌లో ఆ రోజులు గడిపినవారికి మేము కొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు. నీరు తీశాక ఇంటికి తిరిగి వచ్చి బీరువా తలుపు లాగితే రాలేదు, కాగితం ఉబ్బి తలుపును బిగించేసింది.

డాబా మీద పాత దినపత్రికలు పరిచి, పుట పుటకూ మధ్య ఎండుకాగితం పెట్టి ఆరబెట్టాం. అప్పుడు తెలిసింది ఒక వింత. బాల్‌పెన్నుతో రాసిన పుటలు బురద మరకలు పడినా చదవటానికి వచ్చాయి. సిరా కలంతో రాసినవి మాత్రం నీలి మబ్బులై పోయాయి. బాల్‌పెన్ను సిరా నూనె జాతిది, నీటిలో తేలికగా కరగదు. కలం సిరా నీటిదే, నీటిలోనే కలిసిపోతుంది. అబ్బా తన తొలి పదిహేనేళ్లూ సిరా కలంతోనే రాశారు. ఆయన దస్తూరి అందంగా ఉండే కాలమంతా అలా కొట్టుకుపోయింది. మిగిలినవి 380 పుటలు. వాటిని సెల్‌ఫోనుతో ఫోటోలు తీశాం. ఆ చలికాలంలో ఒక టాబ్లెట్, దానితోపాటు వచ్చే కలం కొని ఇచ్చాం. ఫోటోలన్నీ అందులోని నోట్సు యాప్‌లో ఎక్కించి, "పోయినవి జ్ఞాపకం వచ్చినంత వరకు మళ్లీ రాయండి అబ్బా" అన్నాం.

ఆయన రాశారు. మేము ఊహించిన దానికన్నా ఎక్కువే రాశారు. మాసిపోయిన ఫోటోల మీద అక్షరాలను మళ్లీ దిద్దారు. కాంతి తక్కువున్న చోట రంగు గీత పూశారు. చేత్తో కొత్తగా 240 పుటలు నింపారు. అయితే అన్నీ ఒకే పుస్తకంలో. "వరద వేరు వేరు పుస్తకాలను తీసుకుపోయింది, ఈసారి ఒకటే ఉండనీ" అనేది ఆయన వాదం. మొత్తం 620 పుటలు, దాదాపు 1.4 జీబీల ఫైలు. టాబ్లెట్ ర్యామ్ 4 జీబీలు.

టాబ్లెట్ బీరువాలోకి వెళ్లిన మూడు వారాలకు, ఆయనను ఒక నరాల వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాం. చెయ్యి వణుకుతోందా, వేళ్లు బిగుసుకుంటున్నాయా అని ఆయన అడిగారు. తరువాత ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఏదైనా రాయమన్నారు. అబ్బా కొంచెం ఆలోచించి వర్గ సమీకరణం మూలాల సూత్రాన్ని రాసి, కింద తన పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ రాశారు. అక్షరం చిన్నది కాలేదు, గీత వణకలేదు. వైద్యుడు ఆ కాగితాన్ని మావైపు తిప్పి, "ఈ దస్తూరికి మందు అవసరం లేదండీ" అన్నారు. ఆటోలో ఇంటికి వస్తుండగా ముగ్గురమూ మాట్లాడుకోలేదు. చెయ్యి బాగుంటే మరి ఆగిపోయింది ఏమిటి?

ఇక్కడ ఆ జబ్బు లక్షణం చెప్పాలి. అద్దం మీద కలం కదిలిన తరువాత గీత ఆలస్యంగా వచ్చేది. ముందు అరక్షణం, తరువాత క్షణం. 'క్ష' రాయబోతే మొదటి వంపు కనిపించేసరికి చెయ్యి వొత్తు దగ్గర ఉండేది. కనబడని అక్షరాన్ని చెయ్యి మళ్లీ దిద్దేది, అంతలో రెండూ ఒకదానిమీద ఒకటి పడేవి. యంత్రాలతో పెరిగిన పిల్లలు "ఇది హ్యాంగ్ అవుతోంది" అని వెంటనే పరికరాన్ని తిడతారు. అబ్బా తరం అలా కాదు. సుద్దముక్క రాయకపోతే బోర్డును అనరు, తమ చేతినే అనుకుంటారు. ఆయన నాలుగు వారాల పాటు తన చేతినే అనుమానించి, మాకు కూడా చెప్పకుండా రోజూ ఉదయం వేళ్లకు ఆముదం రాసుకున్నారని తరువాత తెలిసింది.

టాబ్లెట్‌ను బయటికి తీశాం. మాకు తోచిన ఉపాయాలన్నీ చేశాం. కలం మొన అరిగిందని కొత్తది వేశాం. అద్దం మీది ప్లాస్టిక్ పొర ఊడదీశాం. బ్యాటరీ పొదుపు పెట్టి ఉంటే తీసేశాం, అది పెడితే ప్రాసెసర్ కావాలనే నెమ్మదిగా నడుస్తుంది. ఎండ సంగతి కూడా చూశాం. బెజవాడను బ్లేజ్‌వాడ అని ఛలోక్తిగా అనటం ఊరికే పుట్టలేదు. ఇలాంటి పరికరాలను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని తయారీదారులు సాధారణంగా చెబుతారు. మా కిటికీ పక్కన మే నెల సాయంత్రం అంతకన్నా ఎంతో ఎక్కువ ఉంటుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవటానికి వేగం తగ్గించుకుంటుంది. ఫజర్ తరువాత చల్లని వేళ రాయించి చూస్తే కొంత మేలనిపించింది. కొంతే.

అప్పుడు ఒక మొబైల్ దుకాణానికి తీసుకెళ్లాం. అక్కడి కుర్రవాడు చూసి, యాప్‌ను తీసేసి మళ్లీ వేయమన్నాడు. "అంతా క్లౌడ్‌లో ఉంటుంది కదా సార్, మళ్లీ వచ్చేస్తుంది" అన్నాడు. మేము తల ఊపాం. అక్కడే, ఆ గాజు బల్ల మీదనే, మా చేతులతోనే తీసేశాం. పుస్తకం తిరిగి వచ్చింది. ఇంటికి వచ్చాక అబ్బా మొదట అడిగింది బాకీల పుట గురించి. వరదప్పుడు ఎవరెవరి దగ్గర ఎంత తీసుకున్నామో రాసుకున్న పుట అది. అది ఉంది. ఆ తరువాత ఆయన చివరికి జరుపుకుంటూ వెళ్లి ఆగిపోయారు. చివరి పదకొండు పుటలు లేవు.

ఉచితంగా ఇచ్చే క్లౌడ్ స్థలం ఎన్నడో నిండిపోయింది. అబ్బా రాయటం మానడానికి తొమ్మిది రోజుల ముందే ఎక్కింపు ఆగిపోయింది. పైన ఒక చిన్న ఎర్ర గుర్తు వచ్చేది, దానిని వేలితో పక్కకు తోసేసినది మేమే. ఆ పదకొండు పుటలూ ఆ పరికరంలో తప్ప మరెక్కడా లేవు. యాప్‌తో పాటే పోయాయి.

అవి పాఠాలు కావు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అబ్బాకు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. ఆ వారం రోజులలో తాను చూసినదంతా ఎన్నడూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. కాగితం మీద సిరాతో ఒకసారి రాశారు, అది బుడమేరులో పోయింది. అద్దం మీద రెండోసారి రాశారు, అది మా చేతిలో పోయింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మగ్రిబ్‌కు వుజూ చేసుకోవటానికి లేచి వెళ్లారు. తిట్టి ఉంటే బాగుండునని మాకు ఆ రాత్రంతా అనిపించింది.

ఈ కథలో తెలివైన పని చేసినది మా అమ్మాయి. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ పూర్తి చేసి సెలవులకు ఇంటికి వచ్చింది. సంగతంతా విని, టాబ్లెట్‌లో ఒక కొత్త ఖాళీ పుస్తకం తెరిచి, కలం అబ్బా చేతికిచ్చింది. "దాదా, ఇందులో మీ పేరు రాయండి." ఆయన అయిష్టంగానే రాశారు. గీత కలం మొన వెంటే వచ్చింది, నీడ మనిషి వెంట వచ్చినట్టు. ఆయన ఆగి, మళ్లీ రాశారు. తరువాత వరుసగా ఒకటో ఎక్కం నుంచి రాసుకుంటూ పోయారు. పన్నెండో ఎక్కం దగ్గర తల ఎత్తి, "బేటా, నా చెయ్యి బాగానే ఉంది" అన్నారు. వైద్యుడు చెప్పినప్పుడు ఆయన నమ్మలేదని మాకు అప్పుడు అర్థమైంది.

అదే పరికరం, అదే కలం, అదే యాప్, అదే చెయ్యి. మారినది పుస్తకం ఒక్కటే. కనుక రోగం పుస్తకంలో ఉంది. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్షను మేము మొదటి రోజే చేసి ఉంటే ఆముదమూ, ఆస్పత్రీ, దుకాణమూ, ఆ పదకొండు పుటల నష్టమూ ఏవీ ఉండేవి కావు. మీ ఇంట్లో ఎవరి టాబ్లెట్‌లోనైనా గీత వెనకబడుతుంటే ముందు ఖాళీ పుస్తకంలో రాసి చూడండి. అందులోనూ వెనకబడితే అప్పుడు పరికరాన్ని అనుమానించవచ్చు.

ఒకే పుస్తకమనే పట్టుదలను అబ్బాతో విడిపించటం మాత్రం తేలిక కాలేదు. "అక్షరాలు రాస్తే పుస్తకం బరువెక్కటం ఏమిటి?" అన్నారు. మా అమ్మాయి తనకు తెలిసినది చెప్పింది. కాగితం మీద సిరాలాగా కాదు, ఇందులో గీత అంటే చుక్కల వరుస. కలం ఎక్కడున్నదో, ఎంత నొక్కుతున్నదో, ఎంత వాలి ఉన్నదో పరికరం క్షణానికి ఎన్నోసార్లు గుర్తిస్తుంది. కొన్ని కలాల విషయంలో సెకనుకు 240 సార్లు. లెక్క అనేసరికి అబ్బా కాగితం అడిగారు.

తాను ఒక తెలుగు అక్షరం రాయటానికి అర సెకను పడుతుందని వేసుకున్నారు. అంటే 120 చుక్కలు. మన అక్షరానికి తలకట్టు, వొత్తు, గుడి, కొమ్ము ఉంటాయి కాబట్టి చెయ్యి ఎక్కువసేపు తిరుగుతుంది. తాటాకు చిరగకుండా గంటంతో రాయటం వల్లనే మన లిపి ఇలా గుండ్రబడిందని పెద్దలు చెబుతుంటారు, ఆ వంపులకు ఇప్పుడు గాజు మీద ఇలా మూల్యం చెల్లించాలన్నమాట. పుటకు 22 పంక్తులు, పంక్తికి 24 అక్షరాలు, మొత్తం 528. వాటిని 120తో హెచ్చిస్తే 63,360. అలాంటి పుటలు 240. వచ్చినది 1,52,06,400. కోటీ యాభై రెండు లక్షల పైచిలుకు చుక్కలు! "చూశావా, నా రాతే దానికి బరువైంది" అన్నారు, ఒక రకమైన గర్వంతో.

"మరి ఫోటోలు, దాదా?" అంది మా అమ్మాయి. మా సెల్‌ఫోను తీసే ఫోటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుంటాయి. హెచ్చిస్తే 1,20,00,000. ఒక్క ఫోటోకు కోటీ ఇరవై లక్షలు. అబ్బా కలం ఆగిపోయింది. ఇన్ని నెలలుగా తాను చేత్తో రాసినదంతా కలిపినా ఒక్క ఫోటోకూ పాతికకూ సమానం. అటువంటి ఫోటోలు 380 ఉన్నాయి. 456 కోట్లు. ఆయన తన అంకెను దాని కింద రాసి భాగించి చూశారు. మూడు వందల రెట్లు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "అయితే నీట మునిగిన పుటలే దీన్నీ ముంచాయి" అన్నారు.

లెక్కల మనిషి కనుక మరునాడు తానే ఒక అభ్యంతరం తెచ్చారు. రెండు రకాల చుక్కలూ ఒకటి కాదు కదా అని. నిజమే. ఫోటోలోని చుక్కకు రంగు ఒక్కటే ఉంటుంది. గీతలోని చుక్కకు స్థానం, నొక్కుడు, వాలు ఉంటాయి, వాటిని కలిపి నునుపైన గీతగా ప్రతిసారీ గీయాలి. యాప్ అనవసరమైన చుక్కలను వదిలేస్తుంది కూడా. కనుక ఆయన లెక్క సుమారు లెక్కే. అయినా బరువు ఎటువైపు ఉందో చెప్పటానికి అది చాలు.

మాకు మరింత ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. ఫోటో ఫైలు చూస్తే మూడున్నర ఎంబీలే ఉంటుంది. కానీ అది మడత పెట్టిన పరుపులాంటిది. తెర మీద చూపాలంటే మడత విప్పాలి. అప్పుడు చుక్కకు నాలుగు బైట్ల చొప్పున 48 ఎంబీల చోటు కావాలి. పుస్తకాన్ని కిందికి జరుపుకుంటూ చదువుతుంటే ముందు పుట, వెనక పుట కూడా విప్పి ఉంచుతుంది, అంటే దాదాపు 150 ఎంబీలు. దాని మీద అబ్బా దిద్దిన వందల గీతలు. దాని పైన ఆయనకెంతో ఇష్టమైన పసుపు రంగు పూత, కిందివి కనబడేటంత పలుచని రంగు కనుక దానిని అడుగున ఉన్న ప్రతి చుక్కతోనూ కలిపి లెక్కించాలి. చిన్న అక్షరం కనబడక ఆయన వేళ్లతో పుటను పెద్దది చేసిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ మొదటి నుంచి. వీటికి తోడు యాప్ వెనకాల పుటలను వెతుకుడు కోసం చదువుకుంటుంది, రాసినది దాచుకుంటుంది, క్లౌడ్‌కు పంపబోయి విఫలమై మళ్లీ పంపబోతుంది. టాబ్లెట్‌లో 64 జీబీల స్థలానికి మిగిలినది రెండే జీబీలు. ఇంతమంది పని చెబుతుంటే గీత గీసే పని ఎప్పటికవుతుంది?

బాగుచేసే పని నాలుగు రోజులు పట్టింది. ఈసారి ఏదీ తీసేయలేదు. ముందుగా పుస్తకం మొత్తాన్ని రెండు రూపాలలో కంప్యూటర్‌లోకీ ఒక పెన్‌డ్రైవ్‌లోకీ దించాం. ఒకటి యాప్ సొంత రూపం, అది ఆ యాప్‌లోనే తెరుచుకుంటుంది కానీ గీతలను మళ్లీ దిద్దుకోవచ్చు. రెండోది పీడీఎఫ్, అది ఎక్కడైనా తెరుచుకుంటుంది కానీ దిద్దటానికి అంత వీలుండదు. రెండూ ఎందుకని అబ్బా అడగలేదు. ఆయనకు అప్పటికే తెలుసు.

తరువాత ఫోటోలు. అసలు ఫోటోలను వేరే హార్డ్‌డిస్క్‌లో అలాగే ఉంచి, పుస్తకంలోకి మాత్రం తేలిక చేసినవి ఎక్కించాం. ఏ4 పుటకు అంగుళానికి 150 చుక్కల లెక్కన 1,240 అడ్డం, 1,754 నిలువు వస్తుంది. విప్పితే 9 ఎంబీలకు లోపే, ముందున్న దానిలో ఐదో వంతైనా లేదు. బాల్‌పెన్ను పుటలకు అది ధారాళంగా సరిపోయింది. మరీ మాసినవి ఓ నలభై ఉన్నాయి, వాటికి 300 చుక్కలు ఉంచాం, బరువైనా ఫరవాలేదని. గీతలన్నిటినీ ఫోటోలో కలిపేసి ఒకే బొమ్మగా చేస్తే ఇంకా తేలికవుతుందని కొందరు చెప్పారు. నిజమే కానీ అలా చేస్తే ఆయన దిద్దిన అక్షరమేదో, వరదలో మిగిలిన అక్షరమేదో మళ్లీ విడదీయలేం. దానికి అబ్బా ఒప్పుకోలేదు, మాకూ ఒప్పించాలని అనిపించలేదు.

ఇక పుస్తకాన్ని విడదీయటం. అసలు పుస్తకంలోంచి పుటలు కోయకుండా, దానికి నకలు తీసి, ఆ నకలులో అక్కరలేని పుటలు తొలగించాం. పొరపాటు జరిగినా అసలు చెక్కుచెదరదు. విభజన ఎలా చేయాలో అబ్బానే చెప్పారు. పాఠశాలల పేర్లతో. అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు. లావైన వాటిని ఒకటి, రెండు అని భాగాలు చేశాం, ఏదీ యాభై పుటలు దాటకుండా. బాకీల పుటకు మాత్రం విడిగా ఒక చిన్న పుస్తకం. దాని పేరు 'అమానత్' అని ఉర్దూలో తన చేత్తోనే రాశారు.

పాత సినిమా వీడియోలూ, ఎవరెవరో పంపిన శుభోదయం బొమ్మలూ తీసేస్తే స్థలం ఇరవై జీబీలకు పైగా తేరుకుంది. క్లౌడ్ పని ఇప్పుడు ఎవరూ యాప్ మాట మీద వదిలేయటం లేదు. రాత్రి ఇషా తరువాత మాలో ఒకరం మా సెల్‌ఫోనులో అబ్బా పుస్తకం తెరిచి, ఆ రోజు రాసిన చివరి పంక్తి కనబడుతున్నదో లేదో చూస్తాం. వేరే పరికరంలో కంటికి కనబడితేనే దాచినట్టు లెక్క.

ఈ బాధ ముసలివారిది మాత్రమే అనుకోకండి. విజయవాడలో ఇంటర్ చదివే పిల్లల ఇళ్లలో ఇప్పుడు టాబ్లెట్ పుస్తకాల సంచిలో భాగమైంది. మా అమ్మాయి భౌతికశాస్త్రం మెటీరియల్ ఏడు వందల పుటల పీడీఎఫ్, ఎవరో స్కాన్ చేసినది. దాని మీదనే రాతలు, రంగులు, మధ్యలో అంటించిన బోర్డు ఫోటోలు. దాదా పుస్తకం బాగుచేశాక తనది తెరిచి చూసుకుని నాలుక కరుచుకుంది. అధ్యాయానికి ఒకటిగా విడదీసుకుంది. పరీక్షకు ముందు రాత్రి తెరుచుకోని ఫైలు ముందు కూర్చుని ఏడ్చిన పిల్లలను తాను హాస్టల్‌లో చూశానని చెప్పింది. అప్పటివరకూ ఆ సంగతి మాకు తెలియదు. తెరిస్తే చాలనుకునేవాళ్లమే కానీ ఏం తెరుస్తున్నారో అడగలేదు.

అబ్బా చెయ్యి అరగంట రాస్తే ఇప్పటికీ అలసిపోతుంది. అది వయసు వల్లనే, ఆయనే చెబుతారు. అలసట వేరు, గీత వెనకబడటం వేరు అని ఇప్పుడు ఆయనకు తేడా తెలుసు. అలిసినప్పుడు కలం పక్కన పెట్టి కాసేపు వేళ్లు ముడిచి తెరుస్తారు. ఆముదం సీసా అటకెక్కింది.

ఉప్పెన గురించి మళ్లీ రాయమని అడిగే ధైర్యం మాకు చాలా రోజులు లేదు. నవంబరులో ఆయనే మొదలుపెట్టారు. మొదటిసారి గాలితో మొదలుపెట్టారట, రెండోసారి కూడా అంతేనట. ఈసారి మాత్రం ఉప్పెన తరువాత బడి తెరిచిన రోజుతో మొదలుపెట్టారు. హాజరు పట్టీలో ఏ పేరు పిలిచినా ముందుగా తరగతి వైపు చూడవలసి వచ్చిందని, కొన్ని పేర్ల దగ్గర పిలవకుండానే ముందుకు జరిగానని రాశారు. ముందటి పుటల్లో ఇది ఉన్నదా అని అడిగాం. "లేదు. అప్పుడు గుర్తుకు రాలేదు" అన్నారు.

పోయినవి పదకొండు పుటలు. ఇప్పటికి పద్నాలుగయ్యాయి. నిన్న రాత్రి సెల్‌ఫోనులో చివరి పంక్తి చూస్తుండగా, 'అవనిగడ్డ - 2' పుస్తకంలో మొత్తం ఎన్ని పుటలయ్యాయో చెప్పమన్నారు. నలభై ఆరు అన్నాం.

"ఇంకా నాలుగున్నాయి" అంటూ కలం మళ్లీ అందుకున్నారు.